కౌంటర్ మీది కంప్యూటర్‌కు స్టార్ట్ మెనూ సర్దుకోవడం: డెల్టా కొట్లకు, నెట్ సెంటర్లకు, ఇళ్ళకు సమగ్ర మార్గదర్శి

భీమవరంలో రొయ్యల మేత అమ్మే కొట్టయినా, అమలాపురంలో నెట్ సెంటరైనా, రావులపాలెంలో అరటి గెలల కమిషన్ కొట్టయినా కంప్యూటర్ సాధారణంగా ఒక్కటే ఉంటుంది. దాని ముందు కూర్చునేవాళ్ళు మాత్రం ముగ్గురు నలుగురు. పొద్దున యజమాని, మధ్యాహ్నం గుమస్తా, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన అబ్బాయి. కౌంటర్ అవతల నిలబడ్డ మనిషికి కూడా తెర సగం కనిపిస్తూనే ఉంటుంది. ఇలాంటి చోట స్టార్ట్ మెనూ రెండు పనులు చేయాలి. కావలసింది రెండు నొక్కుల్లో తెరుచుకోవాలి, ఒకరి కాగితం ఇంకొకరి కంట పడకూడదు. చాలామంది మొదటిదాని కోసమే సర్దుతారు. రెండోదే ముఖ్యం.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా విండోస్ 11 గురించి. విండోస్ 10 వాడేవాళ్ళకు చివరి వైపు వేరే భాగం ఉంది. మెనూల పేర్లు తెర మీద ఇంగ్లీషులో ఎలా ఉంటాయో అలాగే తెలుగు లిపిలో రాశాం.

ముందు చూసుకోవలసినవి

సెట్టింగ్స్ → సిస్టమ్ → అబౌట్ తెరవండి. కింద విండోస్ 10 ఉందో 11 ఉందో, ఏ వెర్షనో కనిపిస్తుంది. విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబరులో. అప్పటి స్టార్ట్ మెనూలో పైన పిన్ చేసినవి (మనం ఎంచి అక్కడ అతికించి పెట్టుకున్నవి), కింద రికమెండెడ్ అనే భాగం, మొత్తం ప్రోగ్రాముల జాబితా కావాలంటే కుడివైపు మూల వేరే బటన్ ఉండేవి. 2025 చివర్లో 24హెచ్2, 25హెచ్2 వెర్షన్లకు కొత్త మెనూ రావడం మొదలైంది. అందులో అన్నీ ఒకే పేజీలో ఉంటాయి, చక్రం తిప్పుతూ కిందికి వెళ్తే మొత్తం జాబితా వస్తుంది. ఈ మార్పు అందరికీ ఒక్కసారి రాలేదు కాబట్టి పక్కపక్కనున్న రెండు సిస్టమ్‌లలో వెర్షన్ ఒకటే ఉన్నా మెనూ వేరుగా ఉండవచ్చు. మీ మెనూను ఒకసారి కిందికి తిప్పి చూడండి. జాబితా అక్కడే వస్తే కొత్తది, బటన్ నొక్కాల్సి వస్తే పాతది.

రెండోది, అదే సిస్టమ్ పేజీలో యాక్టివేషన్ చూడండి. అసెంబుల్ చేయించిన సిస్టమ్‌లలో తరచూ విండోస్ యాక్టివేట్ అయి ఉండదు. అలాంటప్పుడు పర్సనలైజేషన్ పేజీలో మీటలు చాలావరకు బూడిదరంగులో ఉండిపోతాయి, నొక్కినా కదలవు. సిస్టమ్ చెడిపోయిందనుకుని ఫార్మాట్ కొట్టించేవాళ్ళు ఉన్నారు, దాని అవసరం లేదు. కారణం లైసెన్సు. దానికోసం ఎక్కడెక్కడి యాక్టివేటర్ ఫైళ్ళో దించుకోవద్దు. జనం ఆధార్, బ్యాంకు పుస్తకం స్కాన్ చేసే కంప్యూటర్‌లో వాటితో వచ్చే వైరస్ చేసే నష్టం లైసెన్సు ఖరీదుకు ఎన్నో రెట్లు. యాక్టివేట్ కాకపోయినా పిన్ చేయడం, తీయడం, వరస మార్చడం మామూలుగానే పనిచేస్తాయి.

ఏం ఉంచాలో ముందు కాగితం మీద

మౌస్ పట్టుకునే ముందు ఒక కాగితం తీసి, వారం రోజులు ఆ కంప్యూటర్‌లో ఏ పని వస్తే అది రాయండి, వచ్చినప్పుడల్లా ఒక గీత పెట్టండి. మనకు గుర్తున్న లెక్క, నిజంగా జరిగే లెక్క ఎప్పుడూ ఒకటి కావు. నెట్ సెంటర్లో ఫొటోషాప్ ఎక్కువ వాడతామనుకుంటారు గానీ గీతలు లెక్కపెడితే స్కానర్‌కే ఎక్కువ వస్తాయి.

ఎక్కువ గీతలున్న ఆరు పనులు మొదటి వరసలో ఉండాలి. పాత మెనూలో వరసకు ఆరు గళ్ళు. కొత్తదానిలో తెర పెద్దదైతే ఎనిమిది పడతాయి. ఎనిమిది ఖాళీ ఉందని ఎనిమిదీ నింపక్కర్లేదు. కన్ను వెతక్కుండా చేయి వెళ్ళాలంటే ఆరు చాలు.

ఉదాహరణకు నెట్ సెంటర్‌కు బ్రౌజర్, స్కానింగ్ ప్రోగ్రామ్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్, వర్డ్, ఫొటోలు సరిచేసే ప్రోగ్రామ్, ప్రింటర్ సెట్టింగ్స్ మొదటి వరసలో బాగుంటాయి. మేత కొట్టుకు ట్యాలీ, ఎక్సెల్, ఒక్కొక్క రైతు పేరున ఉన్న చెరువు లెక్కల ఫోల్డర్, వాట్సాప్, బ్రౌజర్, క్యాలిక్యులేటర్. ఊళ్ళో అమ్మానాన్నల ఇంట్లో కంప్యూటరైతే వాట్సాప్, యూట్యూబ్, ఫొటోలు, బ్రౌజర్ నాలుగూ చాలు. పెద్దవాళ్ళకు ఎక్కువ పెట్టినకొద్దీ భయం పెరుగుతుంది.

ముందు తీసేయండి, తర్వాత పెట్టండి

కొత్త సిస్టమ్‌లో స్టార్ట్ తెరిస్తే మీరు ఎప్పుడూ అడగని బొమ్మలు డజను కనిపిస్తాయి. వాటిలో కొన్ని ఇంకా ఇన్‌స్టాల్ కాని యాప్‌లు. పొరపాటున నొక్కితే అప్పుడు దిగడం మొదలవుతుంది, మొబైల్ హాట్‌స్పాట్ మీద నడిచే కొట్లో డేటా అయిపోతుంది.

బొమ్మ మీద కుడి బటన్ నొక్కితే చిన్న మెనూ వస్తుంది. అందులో అన్‌పిన్ ఫ్రమ్ స్టార్ట్, అన్‌ఇన్‌స్టాల్ రెండూ ఉంటాయి. రెండూ ఒకేలా మొదలవుతాయి, కంగారులో రెండోదాన్ని నొక్కేస్తారు. అన్‌పిన్ అంటే గది తలుపు మీద చీటీ పీకేయడం, గది అలాగే ఉంటుంది. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ప్రోగ్రామే పోతుంది. వాడే ప్రోగ్రామ్ విషయంలో ఎప్పుడూ అన్‌పిన్ మాత్రమే. ఆటలు, గడువు తీరిన ట్రయల్ యాంటీవైరస్ లాంటివి నిజంగా అక్కర్లేదని తేలాకే అన్‌ఇన్‌స్టాల్. తీసేయడం అయ్యాక స్టార్ట్ దాదాపు ఖాళీగా ఉండాలి. అక్కడి నుంచి మొదలుపెట్టడమే తేలిక.

పెట్టడానికి ఆల్ జాబితాలో, అంటే మొత్తం ప్రోగ్రాముల జాబితాలో, ప్రోగ్రామ్ మీద కుడి బటన్, పిన్ టు స్టార్ట్. ఇక్కడ చాలామంది తికమకపడతారు. పిన్ చేసింది వరసలో చివరికి వెళ్తుంది. పైన కొన్ని వరసలే కనిపిస్తాయి కాబట్టి పిన్ కాలేదనుకుని మళ్ళీ మళ్ళీ చేస్తారు. కిందికి తిప్పండి, అక్కడ ఉంటుంది. దాని మీద కుడి బటన్ నొక్కి మూవ్ టు ఫ్రంట్ అంటే మొదటి గడిలోకి వస్తుంది. దీన్నిబట్టి ఒక సులువు ఉంది: కాగితం మీది జాబితాను కింద నుంచి పైకి, అంటే ఆరోదాన్ని ముందు, ఒకటోదాన్ని చివర మూవ్ టు ఫ్రంట్ చేసుకుంటూ వస్తే లాగడాలు, జార్చడాలు లేకుండా వరస కుదురుతుంది. చవక మౌస్‌తో లాగడం చాలా చికాకు.

కొత్త మెనూలో పిన్ చేసినవన్నీ ఎప్పుడూ కనిపించాలంటే సెట్టింగ్స్ → పర్సనలైజేషన్ → స్టార్ట్ లో షో ఆల్ పిన్స్ బై డిఫాల్ట్ ఆన్ చేయండి. పాతదానిలో అదే పేజీలో లేఅవుట్ కింద మోర్ పిన్స్ ఎంచుకోండి.

ఫోల్డర్లకు కూడా పిన్ టు స్టార్ట్ ఉంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కితే కనిపిస్తుంది. ఎక్సెల్ ఫైలుకో పీడీఎఫ్‌కో ఆ వరస రాదు. అందుకని రోజూ తెరిచే ఫైళ్ళన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్‌ను పిన్ చేయడమే నమ్మకమైన దారి. సార్వాకు ఒకటి, దాళ్వాకు ఒకటి ఫోల్డర్లు పెట్టుకుని, పంట మారినప్పుడు పిన్ కూడా మార్చుకుంటే ధాన్యం కొట్లో పాత కాటా చీటీల మధ్య వెతుకులాట ఉండదు.

ఒకే రకం పనులను ఒక గడిలోకి చేర్చవచ్చు. ఒక బొమ్మను పట్టుకుని ఇంకోదాని మీదికి తెచ్చి, ఒక్క క్షణం ఆగి వదలాలి. ఆగకుండా వదిలితే వరస మారుతుంది తప్ప కలవవు. అందరూ తప్పేది అక్కడే. కలిసిన గడిని తెరిచి పైన పేరు నొక్కితే పేరు మార్చుకోవచ్చు. తెలుగులోనే రాయండి. 'ప్రింటు పనులు', 'భూమి కాగితాలు', 'పిల్లల చదువు' అని ఉంటే కొత్తగా చేరిన గుమస్తా ఎవరినీ అడగక్కర్లేదు. అయితే మొదటి వరసలో ఉండాల్సిన ఆరింటినీ ఇలా గడిలో దాచవద్దు, నొక్కు ఒకటి పెరుగుతుంది.

వెబ్‌సైట్లను పిన్ చేయడం

పొలం పత్రం అడంగల్, 1బీ కోసం వచ్చినవాళ్ళకు గూగుల్‌లో మీభూమి అని వెతికి, పైన వచ్చిన మొదటి లింకు నొక్కడం అలవాటుగా జరుగుతుంది. మొదటి లింకు ప్రకటన కావచ్చు, అచ్చం అసలుదానిలా కనిపించే వేరే సైటూ కావచ్చు. ఒకసారి చిరునామా సరిచూసుకుని పిన్ చేసుకుంటే ఆ ప్రమాదం పోతుంది. ప్రభుత్వ పోర్టళ్ళు చాలావాటికి చిరునామా చివర 'డాట్ గవ్ డాట్ ఇన్' ఉంటుంది. మీభూమికి అయితే 'డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్'. పిన్ చేసే ముందు చిరునామా పట్టీ మీద ఆ ముక్కను కళ్ళతో చదవండి.

ఎడ్జ్‌లో సైటు తెరిచి, కుడి మూల మూడు చుక్కలు నొక్కి, యాప్స్ అనే వరసలోకి వెళ్ళి, ఇన్‌స్టాల్ దిస్ సైట్ యాజ్ యాన్ యాప్ అనండి. కొన్ని వెర్షన్లలో యాప్స్ అనేది మోర్ టూల్స్ లోపల ఉంటుంది. క్రోమ్‌లో మూడు చుక్కలు → కాస్ట్, సేవ్ అండ్ షేర్ → ఇన్‌స్టాల్ పేజ్ యాజ్ యాప్. పేరు అడిగినప్పుడు పని పేరు రాయండి. తర్వాత అది ఆల్ జాబితాలో మామూలు ప్రోగ్రామ్‌లా కనిపిస్తుంది, పిన్ చేసుకోండి.

ఇలా తెరిచిన కిటికీ అదే బ్రౌజర్ తాలూకుదే. అందులో ఎవరైనా లాగిన్ అయితే, లాగౌట్ చేయకుండా కిటికీ మూసేసినా తర్వాతి మనిషికి ఆ అకౌంట్ తెరిచే ఉండవచ్చు. పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని బ్రౌజర్ అడిగితే కౌంటర్ సిస్టమ్‌లో నెవర్ అనాలి.

రికమెండెడ్: ఇక్కడే ఎక్కువ నష్టం

స్టార్ట్ మెనూ కింది భాగంలో ఇటీవల తెరిచిన ఫైళ్ళు వాటంతట అవే వచ్చి చేరతాయి. సొంత ల్యాప్‌టాప్‌లో అది సౌకర్యమే. నెట్ సెంటర్లో అయితే పావుగంట కిందట వచ్చిన ఆమె పాన్ కార్డు, ఇంకొకరి బ్యాంకు స్టేట్‌మెంట్, ఎవరి అమ్మాయిదో మార్కుల మెమో ఫైలు పేర్లతో సహా అక్కడ నిలబడతాయి. తర్వాతి మనిషి కోసం స్టార్ట్ నొక్కగానే అతనికి అవన్నీ కనిపిస్తాయి. ఊరు చిన్నది, పేర్లు అందరికీ తెలిసినవే.

సెట్టింగ్స్ → పర్సనలైజేషన్ → స్టార్ట్ పేజీలో ఈ మీటలన్నీ వరసగా ఉంటాయి. ఇటీవలి ఫైళ్ళను చూపే మీట పొడుగాటి పేరుతో ఉంటుంది, షో రికమెండెడ్ ఫైల్స్ ఇన్ స్టార్ట్ అని మొదలవుతుంది. దాన్ని ఆఫ్ చేయండి. బ్రౌజింగ్ హిస్టరీ నుంచి సైట్లు చూపే మీట ఉంటే అదీ ఆఫ్. చిట్కాలు, కొత్త యాప్‌లు సూచించేదీ ఆఫ్. కొత్త మెనూలో ఇవన్నీ, కొత్తగా చేరిన యాప్‌లు చూపే మీటతో సహా ఆపితే రికమెండెడ్ భాగం మొత్తం మాయమవుతుంది. పాతదానిలో శీర్షిక, ఖాళీ జాగా మిగిలిపోతాయి. అది మీ తప్పు కాదు, ఆ మెనూ అంతే.

ఈ మీటకు ఒక ధర ఉంది, తెలిసే కట్టండి. స్టార్ట్‌తో పాటు ఫైల్ ఎక్స్‌ప్లోరర్ మొదటి పేజీలో ఇటీవలి ఫైళ్ళు, టాస్క్‌బార్ మీద ఎక్సెల్‌ను కుడి బటన్‌తో నొక్కితే వచ్చే ఫైళ్ళ జాబితా కూడా పోతాయి, ఎందుకంటే మూడింటికీ మీట ఒకటే. లెక్కలు రాసేవాళ్ళకు ఆ జాబితా లేకపోతే మొదటి రెండు రోజులు చేయి విరిగినట్టే ఉంటుంది. పైన చెప్పిన ఫోల్డర్ పిన్ ఆ లోటు తీరుస్తుంది. నలుగురు కూర్చునే సిస్టమ్‌లో ఆఫ్ చేయాలన్నదే మా గట్టి మాట. ఒక్కరే వాడే మేత కొట్టులో ఆన్‌లో ఉంచుకున్నా ఫర్వాలేదు. అక్కడ ఎప్పుడైనా ఒక ఫైలు కనిపించకూడదనుకుంటే దాని మీద కుడి బటన్ నొక్కి రిమూవ్ ఫ్రమ్ లిస్ట్ అనవచ్చు.

మీట ఆపితే కనిపించడం ఆగుతుంది, ఫైలు మాత్రం డౌన్‌లోడ్స్‌లో అలాగే ఉంటుంది. సెట్టింగ్స్ → సిస్టమ్ → స్టోరేజ్ → స్టోరేజ్ సెన్స్ లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కు గడువు పెట్టవచ్చు: 1, 14, 30, 60 రోజులు అని ఎంపికలుంటాయి. అన్ని రోజులు తెరవని ఫైలు దానంతట అదే పోతుంది. నెట్ సెంటర్‌కు 1 రోజు సరైనది. అయితే అది పెట్టే ముందు మీకు కావలసినవి డౌన్‌లోడ్స్ నుంచి వేరే ఫోల్డర్‌లోకి తరలించండి, లేకపోతే అవీ పోతాయి. ఇంట్లో సిస్టమ్‌కు ఇది పెట్టకపోవడమే మంచిది. పెళ్ళి ఫొటోలు ఏళ్ళ తరబడి డౌన్‌లోడ్స్‌లోనే ఉంచే ఇళ్ళు చాలా ఉన్నాయి.

తరచూ వాడే యాప్‌లు చూపే మీట కొన్నిచోట్ల బూడిదరంగులో ఉంటుంది. ఏ ప్రోగ్రామ్ ఎన్నిసార్లు తెరిచామో విండోస్ లెక్కపెట్టుకునే అనుమతి ఆఫ్‌లో ఉండడమే కారణం. అది ప్రైవసీ అండ్ సెక్యూరిటీ పేజీలో ఉంటుంది. మీరే పిన్ చేసుకున్నప్పుడు ఈ మీట అవసరం లేదు.

పవర్ మెనూలో స్లీప్ తీసేయండి

స్టార్ట్ మెనూలో కుడి కింది మూల పవర్ బటన్ నొక్కితే స్లీప్, షట్ డౌన్, రీస్టార్ట్ వస్తాయి. భోజనానికి వెళ్తూ స్లీప్ నొక్కడం అలవాటు. స్లీప్‌లో తెరిచి ఉన్న పని అంతా ర్యామ్ అనే తాత్కాలిక మెమరీలో ఉంటుంది, ర్యామ్‌కు కరెంటు కావాలి. తుపాను రోజుల్లో, ఎండాకాలం మధ్యాహ్నాల్లో కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ కూడా అయిపోతే సేవ్ చేయని బిల్లులు పోయినట్టే. కొన్ని డెస్క్‌టాప్‌లలో హైబ్రిడ్ స్లీప్ ఆన్‌లో ఉంటే డిస్కులో ఒక కాపీ ఉంటుంది గానీ మీ సిస్టమ్‌లో అది ఉందన్న నమ్మకంతో పని వదిలి వెళ్ళడం మంచిది కాదు. హైబర్నేట్ అయితే అంతా డిస్కులో రాసి సిస్టమ్ పూర్తిగా ఆగుతుంది. కరెంటు ఎన్ని గంటలు పోయినా తిరిగి వేసినప్పుడు అదే చోట తెరుచుకుంటుంది.

1. విండోస్ కీ నొక్కి కంట్రోల్ అని ఇంగ్లీషులో టైప్ చేసి కంట్రోల్ ప్యానెల్ తెరవండి. పైన వ్యూ బై దగ్గర లార్జ్ ఐకన్స్ ఎంచుకుని పవర్ ఆప్షన్స్ నొక్కండి.
2. ఎడమవైపు పవర్ బటన్ ఏం చేయాలో ఎంచుకునే లింకు ఉంటుంది. అది తెరవండి.
3. కింద మీటలు బూడిదరంగులో ఉంటాయి. పైన చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్అవైలబుల్ అనే లింకు నొక్కితే కదులుతాయి. దీనికి అడ్మిన్ అకౌంట్ ఉండాలి.
4. షట్‌డౌన్ సెట్టింగ్స్ కింద స్లీప్ టిక్కు తీసి, హైబర్నేట్‌కు టిక్కు పెట్టి, సేవ్ చేంజెస్ నొక్కండి.

ఇంతటితో సగమే అయింది. సిస్టమ్ దానంతట అది స్లీప్‌లోకి వెళ్ళే గడువు వేరే చోట ఉంది: సెట్టింగ్స్ → సిస్టమ్ → పవర్. అక్కడ స్లీప్‌ను నెవర్ చేయండి, తెర ఆగే గడువు మాత్రం ఉంచుకోండి. పాత హార్డ్ డిస్కున్న సిస్టమ్‌లో హైబర్నేట్ అవడానికి కొంచెం సమయం పడుతుంది, లైటు ఆగేదాకా యూపీఎస్ స్విచ్ కట్టవద్దు.

అదే పవర్ బటన్ పక్కన ఫోల్డర్లు పెట్టుకోవచ్చు. సెట్టింగ్స్ → పర్సనలైజేషన్ → స్టార్ట్ → ఫోల్డర్స్ లో సెట్టింగ్స్, ఫైల్ ఎక్స్‌ప్లోరర్, డౌన్‌లోడ్స్ మూడూ ఆన్ చేస్తే మొదటి వరసలో ఒకటి రెండు గళ్ళు మిగులుతాయి.

ఎక్కడ ఉండాలి, ఏ రంగులో

విండోస్ 11లో స్టార్ట్ బటన్ టాస్క్‌బార్ మధ్యలో ఉంటుంది. ప్రోగ్రాములు తెరిచేకొద్దీ బొమ్మలన్నీ కలిసి మధ్యకు సర్దుకుంటాయి, అందువల్ల బటన్ ఎడమకు జరుగుతూ పోతుంది. ప్రతిసారీ కన్ను దాన్ని వెతకాలి. సెట్టింగ్స్ → పర్సనలైజేషన్ → టాస్క్‌బార్ → టాస్క్‌బార్ బిహేవియర్స్ లో అలైన్‌మెంట్‌ను లెఫ్ట్ చేస్తే మూలలో స్థిరంగా ఉంటుంది. విండోస్ 95 నుంచి అలవాటైన చోటు కూడా అదే. మౌస్‌ను కళ్ళు మూసుకుని మూలకు విసిరినా దొరుకుతుంది. అదే పేజీలో విడ్జెట్స్, టాస్క్ వ్యూ ఆఫ్ చేస్తే టాస్క్‌బార్ ఖాళీ అవుతుంది.

రంగు గురించి ఒక్క మాట. స్టార్ట్‌కు, టాస్క్‌బార్‌కు రంగు వేసే మీట కలర్స్ పేజీలో లైట్ మోడ్‌లో పనిచేయదు. మోడ్‌ను కస్టమ్ చేసి, విండోస్‌కు డార్క్, యాప్‌లకు లైట్ ఎంచుకుంటే మీట కదులుతుంది. 4 జీబీ ర్యామ్ సిస్టమ్‌లలో ట్రాన్స్‌పరెన్సీ ఎఫెక్ట్స్ ఆపేయండి, మెనూ కాస్త చురుగ్గా తెరుచుకుంటుంది. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళ కోసం డిస్‌ప్లే స్కేల్‌ను 125 శాతం చేయడం ఏ రంగు మార్పుకన్నా మేలు.

తెలుగు కీబోర్డు, సెర్చ్ పెట్టె

స్టార్ట్ నొక్కి ప్రోగ్రామ్ పేరు మొదటి రెండు మూడు అక్షరాలు టైప్ చేయడమే అన్నిటికన్నా వేగం. తెలుగు టైప్ చేసే కొట్లలో మాత్రం ఇక్కడ ఒక అడ్డంకి వస్తుంది. వినతిపత్రం టైప్ చేసి, కీబోర్డు తెలుగులోనే ఉండగా స్టార్ట్‌లో టైప్ చేస్తే తెలుగు అక్షరాలు పడతాయి, ఇంగ్లీషు పేరున్న ప్రోగ్రామ్ ఏదీ దొరకదు. సెర్చ్ పాడైందని అనుకుంటారు. విండోస్ కీ + స్పేస్ నొక్కితే ఇంగ్లీషుకు మారుతుంది. విండోస్‌తో వచ్చే తెలుగు ఫొనెటిక్, ఇన్‌స్క్రిప్ట్ రెండింటికీ ఇదే దారి. డీటీపీ పనికి అను స్క్రిప్ట్ వాడేవాళ్ళు దాన్ని దాని సొంత మీటతోనే ఆపాలి, విండోస్ కీ + స్పేస్ దానికి పట్టదు. అది ఆన్‌లో ఉండగా సెర్చ్‌లో అర్థంలేని గుర్తులు పడతాయి.

సెట్టింగ్స్ → టైమ్ అండ్ లాంగ్వేజ్ → టైపింగ్ → అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్ లో ఒక్కో కిటికీకి ఒక్కో కీబోర్డు గుర్తుంచుకునే టిక్కు ఉంది. అది పెడితే వర్డ్ తెలుగులో ఉన్నా మిగతావి ఇంగ్లీషులో ఉంటాయి.

విండోస్ మొత్తాన్నీ తెలుగులోకి మార్చుకునే వీలుంది. ఇంట్లో పెద్దవాళ్ళకు బాగుంటుంది. కౌంటర్ సిస్టమ్‌కు మాత్రం ఇంగ్లీషే ఉంచమంటాం, ఎందుకంటే రిపేరుకు వచ్చే కుర్రాడు ఫోన్‌లో చెప్పే మెనూ పేర్లన్నీ ఇంగ్లీషువే. పిన్ గళ్ళకు, ఫోల్డర్లకు తెలుగు పేర్లుంటే చాలు.

సెర్చ్ పెట్టెలో పండుగ బొమ్మలు, వార్తలు వస్తుంటే ప్రైవసీ అండ్ సెక్యూరిటీ లోని సెర్చ్ పేజీలో షో సెర్చ్ హైలైట్స్ ఆఫ్ చేయండి.

ఇద్దరికి రెండు అకౌంట్లు

స్టార్ట్ మెనూ అమరిక ఒక్కో యూజర్‌కు వేరుగా ఉంటుంది. ఎప్‌సెట్‌కు చదివే పిల్లవాడు, కొట్టు లెక్కలు ఒకే ల్యాప్‌టాప్‌లో ఉంటే ఒకే మెనూను ఇద్దరూ లాక్కోవడం కన్నా సెట్టింగ్స్ → అకౌంట్స్ → అదర్ యూజర్స్ లో ఇంకో అకౌంట్ తెరవడం సుఖం. మైక్రోసాఫ్ట్ ఈమెయిల్ అడిగితే సైన్ ఇన్ వివరాలు లేవన్న లింకు నొక్కి, తర్వాతి పేజీలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా చేర్చే లింకు ఎంచుకోవచ్చు. పిల్లవాడి అకౌంట్‌ను స్టాండర్డ్‌గానే ఉంచండి. అకౌంట్ మారడానికి స్టార్ట్‌లో పేరు నొక్కితే చాలు.

పొద్దున సిస్టమ్ వేయగానే ట్యాలీ తెరుచుకోవాలంటే, ఆల్ జాబితాలో దాని మీద కుడి బటన్ నొక్కి ఓపెన్ ఫైల్ లొకేషన్ అనండి (కొన్నిచోట్ల మోర్ లోపల ఉంటుంది). అక్కడున్న షార్ట్‌కట్‌ను కాపీ చేసి, ప్రోగ్రామ్స్ ఫోల్డర్‌లోని స్టార్టప్ అనే ఫోల్డర్‌లో పేస్ట్ చేయండి. ఇన్‌స్టాల్ అవసరంలేని చిన్న ప్రోగ్రాముల షార్ట్‌కట్‌లను ప్రోగ్రామ్స్ ఫోల్డర్‌లోనే పెడితే అవి ఆల్ జాబితాలో కనిపిస్తాయి. స్టార్టప్‌లో రెండు మూడుకు మించి పెట్టవద్దు, సిస్టమ్ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది.

విండోస్ 10 ఉన్నవాళ్ళకు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇళ్ళల్లో వాడేవాళ్ళు పొడిగింపులో చేరితే 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. జనం కాగితాలు ముట్టుకునే సిస్టమ్‌కు ఆ పొడిగింపు లేకుండా నెట్ పెట్టడం సరికాదు.

అమరిక మాత్రం 11 కన్నా ఇక్కడే ఎక్కువ మన చేతిలో ఉంటుంది. స్టార్ట్‌లోని పలకల (టైల్స్) మీద కుడి బటన్ నొక్కి రీసైజ్‌లో స్మాల్, మీడియం, వైడ్, లార్జ్ ఎంచుకోవచ్చు. మామూలు డెస్క్‌టాప్ ప్రోగ్రాములకు మాత్రం స్మాల్, మీడియం రెండే ఉంటాయి. గుంపు పైన నొక్కి పేరు రాయవచ్చు. మెనూ అంచు పట్టుకుని లాగి పెద్దది చేయవచ్చు. ఎక్కువ వాడేది వీలైనంత పెద్దది, తక్కువ వాడేవి స్మాల్ పెడితే చూపు దానంతట అదే సరైనచోటికి వెళ్తుంది. కదిలే పలకలకు టర్న్ లైవ్ టైల్ ఆఫ్ అనండి. స్టార్ట్ సెట్టింగ్స్‌లో సజెషన్స్, ఇటీవల తెరిచినవి చూపే మీటలు ఇక్కడా ఆఫ్ చేయాలి. పెద్దవాళ్ళకు యూజ్ స్టార్ట్ ఫుల్ స్క్రీన్ ఆన్ చేసి నాలుగు పెద్ద పలకలు పెడితే చాలా నచ్చుతుంది.

విండోస్ 7 నాటి మెనూయే కావాలనేవాళ్ళకు ఓపెన్ షెల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. 2017లో ఆగిపోయిన క్లాసిక్ షెల్‌కు ఇది కొనసాగింపు. పాత పద్ధతిలో ఒక వరస, రెండు వరసలు, విండోస్ 7 తరహా అని మూడు రకాలు ఇస్తుంది. షిఫ్ట్ పట్టుకుని స్టార్ట్ నొక్కితే అసలు మెనూ కూడా వస్తుంది. పెద్ద విండోస్ అప్‌డేట్ తర్వాత ఇలాంటివి ఒక్కోసారి పనిచేయడం మానేస్తాయి, అప్పుడు కొత్త వెర్షన్ వేయాలి. దాని సెట్టింగ్స్‌లో బ్యాకప్ నొక్కి ఎక్స్ఎంఎల్ ఫైలుగా దాచుకోండి. ఇటీవలి ఫైళ్ళ జాబితా ఇందులోనూ ఉంటుంది, ఆపడం మరవద్దు.

అమరికను దాచుకోవడం, మెనూ తెరుచుకోకపోతే

విండోస్ 11లో పిన్‌ల వరస అంతా ఒక్క చిన్న ఫైలులో ఉంటుంది. విండోస్ కీ + ఆర్ నొక్కి, లోకల్‌యాప్‌డేటా అనే మాటను ఇంగ్లీషులో ఖాళీ లేకుండా, ముందూ వెనకా శాతం గుర్తు (%) పెట్టి టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ప్యాకేజెస్ ఫోల్డర్‌లో మైక్రోసాఫ్ట్, విండోస్, స్టార్ట్‌మెనూఎక్స్‌పీరియన్స్‌హోస్ట్ అనే మాటలు చుక్కలతో కలిసిన పేరున్న ఫోల్డర్ వెతికి, దానిలోని లోకల్‌స్టేట్ తెరవండి. స్టార్ట్2 డాట్ బిన్ అనే ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. అమరిక చెడితే అదే సిస్టమ్‌లో, అదే అకౌంట్‌లో దాన్ని మళ్ళీ అక్కడే పేస్ట్ చేయాలి. పేస్ట్ చేసిన వెంటనే కంట్రోల్ + షిఫ్ట్ + ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ పేజీలో స్టార్ట్‌మెనూఎక్స్‌పీరియన్స్‌హోస్ట్‌ను ఎండ్ టాస్క్ చేస్తే, అది తిరిగి మొదలై పాత వరస చూపిస్తుంది. ఇంకో సిస్టమ్‌కు తీసుకెళ్తే అక్కడ లేని ప్రోగ్రాముల గళ్ళు రావు.

స్టార్ట్ నొక్కినా తెరుచుకోకపోతే ముందు చేయవలసింది కూడా ఆ ఎండ్ టాస్కే. దానికీ కదలకపోతే టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను రీస్టార్ట్ చేయండి. టాస్క్‌బార్ ఒక్క క్షణం మాయమై వస్తుంది. అప్పటికీ కాకపోతే ఇంకో యూజర్ అకౌంట్‌లోకి వెళ్ళి చూడండి. అక్కడ తెరుచుకుంటే విండోస్ బాగానే ఉంది, మీ అకౌంట్ అమరికే చెడింది. అక్కడా తెరుచుకోకపోతే సిస్టమ్ ఫైళ్ళు దెబ్బతిన్నట్టు అనుకోవాలి. పని మధ్యలో కరెంటు పోతూ వచ్చే సిస్టమ్‌లలో ఇది కనిపిస్తుంది. స్టార్ట్ బటన్ మీద కుడి బటన్ నొక్కితే వచ్చే మెనూ అప్పుడు కూడా తరచూ పనిచేస్తుంది, దానిలో టెర్మినల్ అడ్మిన్ తెరిచి ఎస్ఎఫ్‌సి, ఒక ఖాళీ, ఏటవాలు గీత (/), స్కాన్‌నౌ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. దెబ్బతిన్న సిస్టమ్ ఫైళ్ళను వెతికి సరిచేసే ఆదేశం అది. నూరు శాతం అయ్యేదాకా సిస్టమ్ ఆగిపోకుండా చూసుకోండి, యూపీఎస్ ఛార్జింగ్ నిండా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. అది అయ్యాక రీస్టార్ట్ చేసి చూడండి.